తేడా లేదట

థర్మకోల్ కోసేటప్పుడు అక్షరాలక్కతో మాట్లాడకూడదని ఆ చర్చిలో అందరికీ తెలుసు. వేడి తీగ షీటులోకి దిగాక చెయ్యి ఒక్క క్షణం ఆగిందంటే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటని ఏ రంగూ కప్పలేదు. అందుకే ఆవిడ ఊపిరి బిగబట్టి, నాలిక కొస పంటి కింద పెట్టుకుని, ‘దే’ మీది ఏత్వం చుట్టూ తీగని మెల్లగా నడిపిస్తోంది. సరిగ్గా అప్పుడే ట్రెజరరుగారు వచ్చి ఎన్ని అక్షరాలయ్యాయని అడిగారు. ఆవిడ పలకలేదు. ఆయన మళ్ళీ అడిగారు. తీగ అవతలికి వచ్చాక తలెత్తి, ఇలా ఇంకో రెండుసార్లు అడిగితే పండగ వెళ్ళాక అవుతాయని చెప్పింది.

దుకాణాలకి బోర్డులు చేయడం ఆవిడ పని. మందుల షాపులూ, చెప్పుల షాపులూ, బడులూ ఆవిడ చేతి అక్షరాలతోనే పేరు చెప్పుకుంటాయి. క్రిస్మస్‌కి మాత్రం చర్చి వేదిక వెనక నిలబెట్టే మాట ఆవిడది. అందులో ఇంకొకళ్ళు వేలు పెట్టడానికి వీల్లేదు. ఈసారి ఏం రాయాలో పాస్టరుగారు ముందే చెప్పారు. ‘దేవుడు మనకు తోడు.’ అక్షరం చిన్నపిల్లంత ఎత్తుండాలి, చుట్టూ లైట్లు వెలగాలి. అక్షరాలు బిగించడానికి ఇనప చట్రం ఒకటి చేయించారు. ఆ చట్రానికి ఆనుకుని పిల్లలు నిలబడి పాడతారు.

లైట్లు పెట్టడానికి కాంట్రాక్టరు పంపినాయన ఈ చర్చికి కొత్త. నలభై దాటినవాడు. పెద్దగా మాటల్లేవు, ఏం అడిగినా ‘ఒక్క నిమిషం’ అంటాడు. ఆ నిమిషంలోనే పని అయిపోయేది కూడా. అక్షరాలక్కని అక్కా అన్నాడు, ఆవిడ తమ్ముడూ అంది. ఆ పిలుపుల్లో చుట్టరికమేం లేదు. పిలుచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి గదా.

పండగ ఇంక రెండు రోజులుందనగా, మధ్యాహ్నం, మొదటి మాట చట్రానికి ఎక్కింది. అక్షరాలక్క వెనక్కి వెనక్కి నడిచి, బెంచీల మధ్య నిలబడి, ఒక కన్ను మూసి చూసింది. ‘వు’ కాస్త కుడివైపు వాలినట్టుంది. ఇంకెవరికీ కనపడని వాలు అది. లైట్లాయన నిచ్చెన మీదున్నాడు, వైర్లు అతుకుతున్నాడు. దిగి నిచ్చెన జరుపుకుంటా, ఒక్క నిమిషం అన్నాడు.

“దిగడమెందుకు తమ్ముడూ, అక్కణ్ణుంచే అందుతుంది,” అంది అక్షరాలక్క.

ఆయన చెయ్యి చాపాడు. అందలేదు. ఇంకాస్త చాపాడు. ఆ నున్నటి గచ్చు మీద నిచ్చెన కాళ్ళు జారాయి.

మోకాలి కింద ఎముక విరిగి బయటికి వచ్చింది. అక్షరాలక్క ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరో నీళ్ళన్నారు, ఎవరో నీళ్ళివ్వకూడదన్నారు. కాంట్రాక్టరు వ్యాను తెచ్చి ఎక్కించుకుపోయాడు. ఏదైనా ఉంటే తనకి ఫోన్ చేయమనండంటూ ట్రెజరరుగారు తన నంబరు ఇచ్చి పంపారు. తర్వాత గచ్చు కడిగారు. తలకేం తగల్లేదు, దేవుడి దయ అన్నారు ట్రెజరరుగారు. వెంటనే, మిగిలిన లైట్ల సంగతి ఏంటని అడిగారు. అడిగినందుకు ఆయన్ని అనాల్సిన పని లేదు. అక్కడున్న అందరి మనసులోనూ ఉన్నది అదే.

*

మర్నాడు పొద్దున్నే అక్షరాలక్క చర్చికి వచ్చింది. రాగానే అక్షరాల దగ్గరికి పోకుండా ట్రెజరరుగార్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన మైకులు సరిచూస్తున్నారు. ఒక పక్క పాటల వాళ్ళు, ఒక పక్క డ్రమ్ములు, మధ్యలో ‘హలో హలో’ అని ఈయన. లైట్లాయనకి ఎలా ఉందని అడిగింది.

“ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందమ్మా. తేడా ఏం లేదట.”

తేడా లేదంటే మంచిదా చెడ్డదా అని అడిగింది ఆవిడ. నిన్న ఎలా ఉన్నాడో ఇవాళా అలాగే ఉన్నాడని, అంటే ముదరలేదని, అంటే మంచిదేనని ఆయన విడమరిచి చెప్పారు. దగ్గర ఎవరున్నారంది. కాంట్రాక్టరు మనుషులు ఉండరా అన్నారు. మనవాళ్ళెవరైనా ఒకసారి వెళ్ళొస్తే బాగుంటుందేమో అంది. అప్పుడాయన మైకు ఆపి, ఆవిణ్ణి పక్కకి పిలిచి, గొంతు తగ్గించారు. అతను మన మనిషి కాదు, కాంట్రాక్టు మనిషి. మనం వెళ్ళి అక్కడ నిలబడితే రేపు ఏ గొడవ వచ్చినా చర్చి పేరు రాస్తారు. పండగ వెళ్ళనీ, పళ్ళు పట్టుకుని అందరం కలిసి వెళ్దాం.

ఆ మాటలు వింటే తప్పేం లేనట్టే ఉన్నాయి. అక్షరాలక్క వచ్చి తన షీటు ముందు కూర్చుంది. ‘తో’ గీసుకుంది. తీగ వేడెక్కించింది. ‘త’ ఒంపు దాటి ఓత్వం దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో ఫోన్ మోగింది.

వేదిక వెనక కిటికీ ఊచకి ఒక సంచీ వేలాడుతోంది. లైట్లాయన సంచీ. టెస్టరూ, కటింగ్ ప్లయరూ, టేపు చుట్టా, ఒక మడత చొక్కా. ఫోను అందులోంచే మోగుతోంది. మోగి ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. పరాయివాళ్ళ ఫోను ఎలా తీస్తాం అనుకుని ఆవిడ తీగ మీదే కన్ను పెట్టింది. మూడోసారి మోగినప్పుడు లేచింది కూడా, అంతలో ఆగిపోయింది. ఆయన భార్య అయ్యుంటుంది. మొగుడు ఫోను ఎత్తడం లేదని ఎంత కంగారు పడుతోందో. మధ్యాహ్నానికి మోత పూర్తిగా ఆగిపోయింది. సంచీలో చెయ్యి పెట్టి చూస్తే ఛార్జింగ్ అయిపోయి ఫోను నల్లగా ఉంది.

ఇంక ఆవిడకి కూర్చోబుద్ధి కాలేదు. ‘డు’ కొమ్ము దగ్గర గుంట పడింది. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చేతిలో పడని గుంట. దిగడమెందుకు అన్నది ఎవరు? నువ్వే. అక్కణ్ణుంచే అందుతుందన్నది ఎవరు? నువ్వే. కనపడీ కనపడని ఆ వాలుని ఇంకెవరైనా పట్టించుకునేవాళ్ళా?

తీగ ఆపేసి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరింది. గేటు దగ్గర ట్రెజరరుగారు ఎదురయ్యారు. చీకటి పడకముందే పిల్లలందరితో, లైట్లన్నీ వేసి రిహార్సల్ ఉందని గుర్తుచేశారు. నిన్న సగంలో ఆగిన లైట్లకి ఎవరో కుర్రాళ్ళు ప్లగ్గు పెట్టేస్తారట. సంచీ ఇచ్చేసి వచ్చేస్తానంది అక్షరాలక్క. నిజంగా అలాగే అనుకుంది.

*

ఎముకల వార్డు పొడుగాటి గది. రెండు వరసల మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక స్టూలు. ప్రతి స్టూలు మీదా ఒకరు. భార్యో, అన్నో, మామగారో, ఎవరో ఒకరు గ్లాసు కడుగుతున్నారు, దిండు సర్దుతున్నారు, ఏమీ లేకపోతే ఊరికే మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. చివరి మంచం పక్కన స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద ముట్టని టిఫిన్ ప్లేటు ఉంది.

మధ్యలో నర్సు ఆపింది. “మీరేనా ఆ చివరి పేషెంటు తోడు?”

కాదండీ, సంచీ ఇచ్చి పోదామని వచ్చానంది అక్షరాలక్క. సిస్టరు ఆవిణ్ణి పైనుంచి కింది దాకా చూసింది. జుట్టు నిండా థర్మకోల్ పొట్టు.

“బాగుందమ్మా. తీసుకొచ్చినాయన వదిలేసి వెళ్ళిపోయాడు. మాకిచ్చిన నంబరుకి పొద్దున్నే ఫోన్ చేశాను. పేషెంటుకి తోడు లేదు, తోడు లేదు అని రెండుసార్లు చెప్పాను. ఆయన సంతోషం, దేవుడికి స్తోత్రం అని పెట్టేశాడు. ఇదెక్కడి సంతోషమో నాకైతే అర్థం కాలేదు.”

అక్షరాలక్కకి అర్థమైంది. డ్రమ్ముల మధ్య, ‘హలో హలో’ల మధ్య ఆయనకి వినపడింది తేడా లేదని. అక్షరాలు తీసి చూస్తే ఏముంది, అవే త, అవే డ. ఒక ఓత్వం పోయి ఏత్వం వచ్చింది, ఒక కొమ్ము పోయి దీర్ఘం వచ్చింది, అంతే. ఆ కాస్త మార్పుకి ఒక మనిషి నిన్న మధ్యాహ్నం నుంచి ఖాళీ స్టూలు పక్కన పడున్నాడు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. ట్రెజరరుగారి మీద కోపమూ వచ్చింది. కానీ దగ్గర ఎవరున్నారని ఒక్కసారి అడిగి, వచ్చి తీగ వేడి చేసుకున్నది తనే.

లైట్లాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. కాలికి కట్టు, పక్కన చెక్క. మొహం ఒక్కరోజులో లోపలికి పోయింది. తమ్ముడూ అంది. కళ్ళు తెరిచి, ఆవిణ్ణి గుర్తుపట్టి, లేవబోయాడు.

“అక్కా, మెయిన్ ఆపేశారా?”

ఏ మెయిన్ అంది ఆవిడ.

వేదిక మీద మెయిన్ స్విచ్. నిన్న పడేటప్పటికి ఒక అతుకు సగంలో ఉంది. టేపు చుట్టలేదు. వైరు ఊడి ఇనప చట్రానికి తగిలే ఉంటుంది. ఎవరైనా స్విచ్ వేశారంటే చట్రం అంతా కరెంటే, పిల్లలు దాన్ని పట్టుకునే నిలబడతారు. ఆ సంగతి చెప్పాలని రాత్రంతా చూశాడు. ఎవరి నంబర్లూ నోటికి రావు, ట్రెజరరుగారి నంబరు సిస్టరు దగ్గర ఉందని తెలియదు, నోటికి వచ్చింది తన నంబరొక్కటే. పొద్దున పక్క మంచం ముసలాయన ఫోను అడుక్కుని తన ఫోనుకే చేశాడు. సంచీ చర్చిలోనే ఉంది కదా, ఎవరో ఒకరు ఎత్తకపోతారా అని. మూడుసార్లు చేశాడు.

కిటికీ బయట ఎండ గోడల మీదికి ఎక్కేసింది, రిహార్సల్ వేళవుతోంది. అక్షరాలక్క తన ఫోను తీసి ట్రెజరరుగారికి చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తారు. వెనక పిల్లల గోల, డ్రమ్ములు.

“ట్రెజరరుగారూ, ముందు బయటికి నడవండి. రోడ్డు మీదికి వెళ్ళండి. వెళ్ళారా?”

ఏంటమ్మా, ఇక్కడ అందరూ ఎక్కేశారు, నీ కోసమే చూస్తున్నాం అంటున్నారాయన. వెళ్ళారా అని ఇంకోసారి అడిగింది. గోల సన్నగిల్లింది. అప్పుడు చెప్పింది, మాటకి మాటా విడదీసి. చెప్పినదాన్ని తిరిగి తనకి అప్పజెప్పమంది. పెద్దమనిషి, చర్చిలో ఎవరు చూసినా లేచి నిలబడే మనిషి, రోడ్డు మీద నిలబడి బడిపిల్లాడిలా అప్పజెప్పారు. స్విచ్ వేయకూడదు. పిల్లల్ని దించేయాలి. చట్రాన్ని ఎవరూ తాకకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా మెయిన్ ఆపే ఉంచాలి.

“పోయి ఆ పని చూడండి. ఇంకో మాట. పొద్దున ఆస్పత్రి వాళ్ళు చెప్పింది తేడా లేదని కాదు. తోడు లేదని.”

అవతల పరిగెత్తే అడుగులు వినపడ్డాయి.

*

పొద్దు వాలుతుండగా డ్యూటీ డాక్టరు వచ్చాడు. ఎముక బయటపడ్డ గాయం, ఆలస్యం చేస్తే చీము పట్టి కాలికే మోసం వస్తుందన్నాడు. రేపు పొద్దున రాడ్డు వేస్తారు. వేయాలంటే తోడు ఉండాలి. సంతకం పెట్టాలి, మందులు తేవాలి, మత్తు దిగేదాకా పక్కనుండాలి. ఎవరూ లేకపోతే సెలవులయ్యాక చూడాల్సిందే.

రేపు పొద్దున. అక్షరాలక్క ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పొద్దున్న చర్చిలో లేకపోవడమన్నది లేదు. అందరూ లోపలికి వస్తూ వేదిక వైపు చూసి ‘అబ్బ’ అంటారు. ఆ ఒక్క ‘అబ్బ’ కోసం నెల పాటు పొట్టు మింగుతుంది ఆవిడ. మంచి చీర తీసి పెట్టుకుంది. ‘తోడు’ ఇంకా చట్రానికి ఎక్కనే లేదు.

లైట్లాయన ఆవిడ మొహం చూడకుండా పైకప్పు చూస్తూ, మీరు వెళ్ళండక్కా, పండగ పెట్టుకుని, అన్నాడు.

అక్షరాలక్క సిస్టరు దగ్గరికి వెళ్ళి, ఎక్కడ సంతకం పెట్టాలంది.

“ఏమవుతారు?” అంది సిస్టరు.

“అక్కని.”

సిస్టరు రాసుకుంది. స్టూలు మీద ప్లేటు తీసి, తుడిచి ఇచ్చింది.

తోడంటే పెద్ద పనేం కాదని ఆ సాయంత్రం ఆవిడకి తెలిసింది. మందుల కొట్టుకి వెళ్ళి రావాలి. గ్లాసు పట్టుకోవాలి. దాహమంటే తాగనివ్వకుండా తడిగుడ్డతో పెదాలు తుడవాలి. పిలిస్తే పలకాలి, పిలవకపోయినా ఉండాలి. ఫోను ఛార్జింగ్ పెట్టి ఆయన భార్యకి చేసింది. ఆమె ఏడ్చి, తేరుకుని, ఇప్పుడే బయల్దేరినా రేపు రాత్రికి గానీ చేరలేనంది. అప్పటిదాకా నేనున్నాను కదమ్మా అంది అక్షరాలక్క. ఆ మాటన్నాక ఆవిడ గొంతే ఆవిడకి కొత్తగా అనిపించింది. పక్క మంచం ముసలాయన ఇదంతా చూస్తూ, మీ తలకి చుండ్రు మందు కూడా రాయించుకోండమ్మా, డాక్టరు ఎలాగూ ఉన్నాడుగా అన్నాడు. లైట్లాయన నవ్వబోయి, కాలు లాగి, అమ్మా అన్నాడు.

ఆ నవ్వుతో కాస్త ధైర్యం వచ్చి ఆవిడ అసలు మాట చెప్పింది. “దిగొద్దన్నది నేనే తమ్ముడూ.”

“మీరన్నారు సరే, వినాల్సిన పని నాకేంటి?” అన్నాడాయన. దిండు మీద తల సర్దుకుని మళ్ళీ అన్నాడు. “దిగాలక్కా. పైనుంచి ఎంత చాపినా అందదు. దిగి దగ్గరికి రావాల్సిందే. మా పనిలో మొదట నేర్పేది అదే, మొదట మర్చిపోయేదీ అదే.”

ఆయన నిచ్చెన గురించే అన్నాడు. ఇంక దేని గురించీ కాదు. కానీ అక్షరాలక్క స్టూలు మీద చాలాసేపు కదలకుండా కూర్చుంది. ప్రతి పండక్కీ ఆ వేదిక మీదినుంచి వింటున్న సంగతే కదా ఇది. పైనున్నవాడు పైనుంచే చెయ్యి చాపి ఊరుకోలేదని, దిగి వచ్చాడని, పశువుల పాకలో పసిబిడ్డై మనుషుల పక్కన చేరాడని. పాడింది, చప్పట్లు కొట్టింది, అక్షరాలు కోసి బంగారు రంగు వేసింది. మాట మాత్రం ఇవాళే చెవిన పడినట్టుంది. ఆవిడకి ఏడుపొచ్చింది. దుఃఖం కాదు. కొంగుతో మొహం తుడుచుకుంటే థర్మకోల్ పొట్టు కంట్లో పడి ఇంకాస్త ఏడిపించింది.

*

పండగ పొద్దున స్ట్రెచర్ బండి వచ్చింది. లిఫ్టు పని చేయడం లేదు, వాలు దారి మీదుగా పై అంతస్తుకి నెట్టుకుపోవాలి. నెట్టడానికి ఒక్కడే వార్డుబాయ్ ఉన్నాడు. రెండో చెయ్యి పేషెంటు వాళ్ళదే, అది అక్కడి పద్ధతి. అక్షరాలక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపి వెనకవైపు పట్టుకుంది. సగం దూరం వెళ్ళేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. అప్పుడు ఆవిడ చేతుల పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి. ఇస్త్రీ చేసిన సూటు చేతులు.

ట్రెజరరుగారివి. బండి నెట్టారు. బూట్లు జారుతుంటే తమాయించుకుని నెట్టారు. ఆరాధన మొదలయ్యే వేళకి ఈయన ఇక్కడేంటని అక్షరాలక్క అనుకుంది గానీ అడగడానికి ఊపిరి లేదు. పైన ఆపరేషన్ గది తలుపు ముందు బండి ఆగింది. లోపల ఇంకా సిద్ధం చేస్తున్నారు, ఉండమన్నారు.

ట్రెజరరుగారు ముందుకి వచ్చి లైట్లాయన పక్కన నిలబడ్డారు.

“వైరు చట్రానికి తగిలే ఉందయ్యా. ఎలక్ట్రీషియన్ చూపించాడు. అక్కడ మా మనవరాలు నిలబడాలి. చట్రం పట్టుకుని నిలబడు, పడిపోకుండా ఉంటావని దానికి నేనే చెప్పాను.”

లైట్లాయన ఆయన్నే చూస్తున్నాడు.

“పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచీ ఒకటే ఆలోచన. ఆ ఫోన్లో నాకు తేడా లేదనే వినపడింది, నిజం. కానీ అలా వినపడగానే ఎంత హాయిగా అనిపించిందో అదీ నిజం. సరిగ్గా వింటే రావాల్సొస్తుందని, సరిగ్గా వినలేదేమో నేను.” ఆయన చేతులు కట్టుకున్నారు. “నువ్వు మన మనిషివి కావని కూడా అన్నాను.”

అంత పెద్దాయన తన ముందు చేతులు కట్టుకుని నిలబడటం లైట్లాయనకి ఇబ్బందిగా ఉంది. పాప బాగుందా సార్ అన్నాడు చివరికి. బాగుందన్నారు. లైట్లు లేకుండానే కిటికీలన్నీ తీసి, పగటి వెలుతురులో పాడుతున్నారని, అతని పేరున ప్రార్థన చేస్తున్నారని చెప్పారు. తలుపు తెరుచుకుంది, బండి లోపలికి వెళ్ళిపోయింది.

బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆరాధనలో ఆయన చదవాల్సిన ప్రకటనలు ఎవరు చదువుతున్నారని అక్షరాలక్క అడిగింది. ఎవరో చదువుతారు, చదవకపోతే పాడవుతాయా అన్నారాయన. ఆయన నోట అలాంటి మాట ఎవరూ విని ఉండరు. ఆవిడ ఫ్లాస్కులో మిగిలిన టీ మూతలో పోసి ఇచ్చింది. మధ్యలో ఆయన ఒకసారి కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మామూలుగా ఆయన ప్రార్థన మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినపడుతుంది. ఇవాళ పెదాలు మాత్రమే కదిలాయి.

మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికి వచ్చి, బాగా జరిగింది, కాలు నిలబడుతుంది, మళ్ళీ నిచ్చెన ఎక్కుతాడు కానీ తొందరపెట్టకండి అన్నాడు. ట్రెజరరుగారు డాక్టరు చేతులు రెండూ పట్టేసుకున్నారు. వదిలించుకోవడానికి డాక్టరు కాస్త కష్టపడాల్సి వచ్చింది.

వార్డుకి తెచ్చాక లైట్లాయన మత్తులోనే ఉన్నాడు. మంచం ఈ పక్క అక్షరాలక్క, ఆ పక్క ట్రెజరరుగారు నిలబడ్డారు. సిస్టరు వచ్చి చూసింది.

“పేషెంటుకి ఒక్కరే ఉండాలి. రెండో వాళ్ళు బయటికి.”

నువ్వు నిన్నటి నుంచీ కూర్చునే ఉన్నావు, ఇంటికి పోయి పడుకోమ్మా అన్నారు ట్రెజరరుగారు. సంతకం పెట్టింది నేను, నేనెలా పోతాను అంది అక్షరాలక్క. ఇప్పుడు నేను పెడతాను, ఎక్కడ పెట్టాలో చెప్పమ్మా సిస్టరూ అన్నారాయన. మీకు బీపీ ఉంది, రాత్రి మేలుకోలేరు అంది ఈవిడ. నా బీపీ సంగతి నీకెందుకు అన్నారాయన. పక్క మంచం ముసలాయన లేచి కూర్చుని మరీ వింటున్నాడు. ఈ గొడవ ఏంటమ్మా, నిన్న ఒక్కరికీ గతి లేదు, ఇవాళ కొట్టుకుంటున్నారు అంది సిస్టరు.

ఆ మాటలకి లైట్లాయన కళ్ళు సగం తెరిచాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. నాలిక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది.

“అక్క పోయి పడుకోనీ. సారుంటారు.”

అక్షరాలక్కకి ముందు ఉక్రోషం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. మందులు ఏవి ఎప్పుడివ్వాలో, నీళ్ళు ఎప్పటిదాకా తాగించకూడదో, దాహమంటే ఏం చేయాలో చెప్పి, చెప్పినవన్నీ తిరిగి అప్పజెప్పించుకుని, చెప్పులేసుకుంది. ట్రెజరరుగారు సూటు కోటు విప్పారు. తగిలించడానికి ఎక్కడా కొక్కెం కనపడలేదు. మడిచి మంచం కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.